క్రిస్మస్ పళ్ళెంతో పాటు ఏం చెప్పాలి?

(క్రిస్మస్ నెలకు ముందు క్యారల్ బృందాలకూ సండే స్కూలు టీచర్లకూ ఇచ్చిన శిక్షణ ప్రసంగం. మాట్లాడిన తీరులోనే పాఠం.)

అందరికీ వందనాలు. కూర్చోండి. కాగితం, పెన్నూ తెచ్చుకున్నవాళ్ళు రాసుకోండి, లేనివాళ్ళు ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఇది వాక్యోపదేశం కాదు, పని నేర్చుకునే గంట.

మిగతా నెలల్లో పక్కింటివాళ్ళ దగ్గర యేసు మాట ఎత్తాలంటే ఏదో ఒక వంక వెతుక్కోవాలి. డిసెంబరులో వాళ్ళే అడుగుతారు. "ఏవండీ, ఈసారి నక్షత్రం ఇంకా కట్టలేదేం?" "వదినా, కేకు ఎప్పుడు?" "ఇంతకీ మీ పండగ దేని గురించి?" ఈ మూడో ప్రశ్న దగ్గరే మనం తడబడతాం. దానికి మన దగ్గర గంటన్నర జవాబు ఉంది, అర నిమిషం జవాబు లేదు. అడిగినావిడ గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో మనమిచ్చిన పళ్ళెం, లోపల పొయ్యి మీద పాలు. ఆవిడకు ఉన్నది అర నిమిషమే.

కాబట్టి ముందు ఆ అర నిమిషం సంగతి చూద్దాం.

మనం ఇంట్లో మాట్లాడేది ఒక తెలుగు, చర్చిలో మాట్లాడేది ఇంకో తెలుగు. చిన్నప్పటి నుంచీ విని విని ఆ తేడా మన చెవికి తెలియడం మానేసింది. బయటివాళ్ళ చెవితో వినండి. "రక్షణ" అనగానే వాళ్ళకు గుర్తొచ్చేది రక్షణ శాఖ. "మీరు రక్షించబడ్డారా?" అని అడిగితే, ఏ ప్రమాదం నుంచి అన్నట్టు చూస్తారు. "పాపి" అంటే మనకు వేదాంతం, వాళ్ళకు తిట్టు. "మారుమనస్సు" అంటే మతం మార్చుకోమంటున్నారని అర్థమైపోతుంది, ఆ తర్వాత మీరేం చెప్పినా వినపడదు. "స్తోత్రం" అంటే వాళ్ళింట్లో పొద్దున్నే చదువుకునేది. మాట మధ్యలో మీరు "స్తోత్రం, స్తోత్రం" అంటుంటే దేన్ని చదువుతున్నారో తెలియక మొహమాటంగా నవ్వుతారు. ఇక "అన్యులు". ఈ మాట మైకులో వినపడితే ఆ వీధిలో నెలంతా మీరు పడ్డ కష్టం పోయినట్టే. ముప్పై ఏళ్ళుగా పక్కపక్కన ఉన్న మనిషిని అన్యుడంటే ఎలా ఉంటుంది? చర్చి లోపల కూడా మానేస్తే మంచిది. లోపల అలవాటైన మాట బయట జారకుండా ఉండదు.

మరి వీటి బదులు ఏమనాలి? పాపం అన్నచోట "మనం చేసిన తప్పులు, వాటి బరువు" అనండి. రక్షకుడు అన్నచోట "ఆ బరువు దించడానికి వచ్చినవాడు" అనండి. కృప అంటే "మన యోగ్యత చూడకుండా ఇచ్చింది". అర్థం కొంచెం పలచబడుతుంది, నిజమే. అర నిమిషంలో దాన్ని నిండుగా చెప్పలేం. తర్వాత వాళ్ళే అడిగితే చిక్కగా చెప్పుకోవచ్చు.

ఒక నమూనా చెబుతాను. దీన్ని బట్టీ పట్టకండి, మీ మాటల్లోకి తిప్పుకోండి. "దేవుడు ఎక్కడో పైన కూర్చుని మనల్ని చూస్తూ ఊరుకోలేదని మా నమ్మకం అండీ. ఒక వడ్రంగి ఇంటికి పసిబిడ్డగా వచ్చాడు. పురిటికి సత్రంలో చోటు కూడా దొరకలేదు, పశువుల తొట్టిలో పడుకోబెట్టారు. మన తప్పుల బరువు తను మొయ్యడానికే అలా వచ్చాడని నమ్ముతాం. ఆ సంతోషమే ఈ పండగ." అంతే, అక్కడ ఆగిపోండి. ఆగడమే కష్టం. ఆవిడ తల ఊపగానే మనకు ఉత్సాహం వచ్చి ఆదాము దగ్గర మొదలుపెడతాం. వద్దు. వినాలనుకుంటే ఆవిడే ఇంకో ప్రశ్న వేస్తుంది.

ఈ వారం ప్రతివాళ్ళూ తమ అర నిమిషాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. చర్చి మాట దొర్లిన ప్రతిసారీ కాగితం మీద ఒక గీత గీయండి. మొదటిసారి గీతలు పది దాటినా కంగారు పడకండి, రెండోసారికి సగమవుతాయి.

లూకా రెండో అధ్యాయం చదవాల్సి వస్తే ఏం చెయ్యాలి? "దావీదు పట్టణమందు నేడు రక్షకుడు మీ కొరకు పుట్టియున్నాడు" అని ఉన్నది ఉన్నట్టే చదవండి, ఆ వాక్యానికి ఒక అందం ఉంది. వెంటనే వాడుక భాషలో ఒకసారి చెప్పండి. "పొత్తిగుడ్డలు" ఊళ్ళో అమ్మమ్మకు తెలుసు, పక్కన కూర్చున్న మనవరాలికి తెలియదు. పురిటి బిడ్డను చుట్టే పాతబట్టలు అని ఒక్క ముక్క చేరిస్తే ఇద్దరికీ అందుతుంది.

ఎదురుగా వచ్చే మాటలు రెండు. ఒకటి, "అంటే అవతారమే కదండీ, మాకూ ఉన్నాయి". దీనికి ఉలిక్కిపడి "కాదు కాదు" అనకండి. ఆవిడ తనకు తెలిసినదానితో మీ మాటను కలుపుకుంటోంది, అంటే విన్నట్టే. "దేవుడు దిగి వచ్చాడన్న దగ్గర మీకు తెలిసిన మాటలాగే ఉంటుందండీ. ఆయన ఒక్కసారే వచ్చాడనీ, చెడ్డవాళ్ళను చంపకుండా వాళ్ళ కోసం తనే చనిపోయాడనీ మేం నమ్ముతాం" అంటే చాలు. రెండోది, "ఏ దేవుడైనా ఒకటేలెండి". చాలాసార్లు ఇది వాదన కాదు, మనల్ని నొప్పించకుండా మాట ముగించే మర్యాద. మర్యాదకు మర్యాదతోనే బదులివ్వండి, అక్కడితో వదిలెయ్యండి. ముస్లిం ఇంటికి వెళ్తే వాళ్ళకు ఈసా, మర్యం (మన యేసు, మరియ) పేర్లు తెలుసు. ఖురాన్‌లో 19వ సూరాకు మర్యం పేరే ఉంది. తెలిసినచోట మొదలుపెట్టండి, దేవుని కుమారుడన్న మాట మీద గుమ్మంలో వాదన పెట్టుకోకండి.

పేతురు తన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో అడిగినవాళ్ళకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు. "సాత్వికముతోను భయముతోను" అని కూడా అన్నాడు. మనం మొదటి సగం కంఠతా పట్టి రెండో సగం వదిలేశాం.

ఇప్పుడు క్యారల్స్. లెక్కతో మొదలుపెడదాం. ఇంటికి ఎనిమిది నిమిషాలు: పాటకు మూడు, పలకరింపుకూ అర నిమిషం మాటకూ కలిపి ఒకటి, ప్రార్థనకు ఒకటి, మిగతా మూడూ వాళ్ళు మాట్లాడటానికి. ఇంటి నుంచి ఇంటికి నడక నాలుగు నిమిషాలు. పదిహేను ఇళ్ళంటే మూడు గంటలు. ఆరున్నరకు బయలుదేరితే తొమ్మిదిన్నరకు అయిపోతుంది. ఒక్క రాత్రిలో నలభై ఇళ్ళు పెట్టుకుంటే పదకొండున్నరకు ఎవరి తలుపో బాదుతాం. నిద్రలేచిన పసిపిల్ల ఏడుపు మధ్య "సంతోష సువర్తమానం" పాడతాం. అర్ధరాత్రి క్యారల్స్ మన సంఘస్థుల ఇళ్ళకు అలవాటే, వాళ్ళు టీ పెట్టుకుని కూర్చుంటారు. మిగతా ఇళ్ళకు అలవాటు కాదు. వాళ్ళ ఇళ్ళను ముందు పెట్టుకుని మన ఇళ్ళను చివరికి నెట్టండి. ముందు రోజు సాయంత్రం ఇద్దరు వెళ్ళి, "రేపు మా పిల్లలు వచ్చి ఒక పాట పాడొచ్చా అండీ?" అని అడిగి రావాలి. ఇద్దరిలో ఒకరు ఆ వీధివాళ్ళే అయి ఉండాలి.

బృందంలో పన్నెండు మంది చాలు. ఒక డోలక్, ఒక కంజర, ఒక జత తాళాలు. శ్రుతి ముఖ్యం. మొదటి ఇంట్లో ఉత్సాహం కొద్దీ పైన ఎత్తుకుంటారు, ఆరో ఇంటికి ఆడపిల్లల గొంతులు పట్టేస్తాయి, పదో ఇంట్లో అది పాటలా ఉండదు. ఒకరి ఫోన్‌లో శ్రుతి పెట్టుకోండి, రిహార్సల్‌లో పాడినదానికన్నా ఒక మెట్టు తగ్గించి మొదలుపెట్టండి. పల్లవి, ఒక్క చరణం, మళ్ళీ పల్లవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం వేసి ఉంటాయి, చూసుకోండి. సంగీతం తెలిసినవాళ్ళ ఇంట్లో ఆ పాట కర్ణాటక రాగంలో వినపడితే వాళ్ళు కుర్చీ ముందుకు లాక్కుంటారు. డీజే పాటకు లాక్కోరు.

క్రిస్మస్ తాత గురించి ఒక్క మాట. ఆ ప్లాస్టిక్ ముసుగు చూసి రెండేళ్ళ పిల్లలు జడుసుకుంటారు, ఎనిమిదేళ్ళవాళ్ళు చాక్లెట్ల కోసం మీద పడతారు. ఈ రెండింటి మధ్యా మీ అర నిమిషం కొట్టుకుపోతుంది. తాత లేకపోతే కుదరదంటే చివర్లో రానివ్వండి, ముసుగు లేకుండా.

ఇప్పుడు గడప దగ్గరికి రండి. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం మొదలవుతుంది. ఆడవాళ్ళు తెల్లవారుజామున లేవలేక చాలాచోట్ల రాత్రి పడుకోబోయే ముందే వాకిలి కడిగి పెద్ద ముగ్గు పెట్టుకుంటారు. చుక్కలు లెక్కపెట్టుకుంటూ గంటసేపు నడుం వంచి వేసిన ముగ్గు అది. మీ పన్నెండు మందీ చీకట్లో, చెప్పులతో, పాట హుషారులో దాని మీద నిలబడతారు. మీరు వెళ్ళాక ఆవిడ తలుపు తీసి చూస్తుంది. మీరు పాడిందేదీ ఆవిడకు గుర్తుండదు. అందుకని టార్చి పట్టుకున్నవాడు అందరికన్నా ముందు నడవాలి. వాడి పని దారి చూపించడం కాదు, నేల చూడటం. ముగ్గు ఉంటే పక్కన నిలబడి పాడండి. అయ్యప్ప దీక్షలు కూడా ఈ రోజుల్లోనే. మాలలో ఉన్న మనిషి ఇంట్లో ఉంటే గుమ్మం బయటే ఉండండి, తినే వస్తువులేవీ చేతికివ్వకండి, పలకరించి క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పి వచ్చెయ్యండి. ఆయన నియమం ఆయనది.

ప్రార్థన అడిగే చెయ్యాలి. "మీ ఇంటి కోసం ఒక్క నిమిషం ప్రార్థన చెయ్యమంటారా అండీ?" వద్దంటే నవ్వుతూ వచ్చెయ్యాలి. సరే అంటే దేని కోసమో అడగండి. కొడుకు ఉద్యోగం అంటారు, అత్తగారి మోకాళ్ళంటారు. వాళ్ళు చెప్పిందే ప్రార్థించండి. తల మీద చెయ్యి పెట్టొద్దు, నూనె రాయొద్దు, "నా వెనకాల చెప్పండి" అనొద్దు. "ఈ ఇంట్లోని చీకటి శక్తులను బంధిస్తున్నాం" అనే మాట ఎదుటివాళ్ళ దేవుడి గది ముందు నిలబడి అంటే అది ప్రార్థన కాదు, అవమానం.

కానుకల డబ్బా సంఘస్థుల ఇళ్ళల్లోనే తియ్యండి. బయటివాళ్ళ ఇంట్లో పాట అవగానే డబ్బా గలగలమంటే మొత్తం చందాల పనిలా కనిపిస్తుంది. వాళ్ళంతట వాళ్ళు ఇవ్వబోయినా "ఈ రోజు మేమే శుభాకాంక్షలు ఇవ్వడానికి వచ్చామండీ" అని చెప్పండి.

చట్టం సంగతి త్వరగా చెప్పేస్తాను, అయినా రాసుకోండి. రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచార స్వేచ్ఛ ఇచ్చింది, ప్రజా శాంతికీ నైతికతకూ ఆరోగ్యానికీ లోబడి. ఇంకొకరిని మతం మార్చే హక్కు అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు స్టెనిస్లాస్ కేసులో చెప్పింది. మన విశ్వాసం వివరించడం మన హక్కు, తేల్చుకోవడం ఎదుటివాళ్ళది. ఆంధ్రప్రదేశ్‌లో తిరుమల లాంటి నోటిఫై చేసిన ఆలయ ప్రాంతాల్లో ఇతర మత ప్రచారాన్ని 2007లో నిషేధించారు; ఆ కొండ బస్సులో కరపత్రం తియ్యడమే తప్పు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగంగా మైకు, వాయిద్యాలు కుదరవు. పండగలకు 12 దాకా సడలింపు ఉండొచ్చు కానీ అది ప్రభుత్వం ఇవ్వాలి, మనం అనుకుంటే రాదు. పగలైనా మైకుకు రాతపూర్వక అనుమతి ఉండాలి, ఆస్పత్రికీ బడికీ వంద మీటర్ల లోపల అసలు వద్దు. కరపత్రం మీద రోగాలు నయమవుతాయని అచ్చువెయ్యకండి. పిల్లల చేతికి కరపత్రం ఇవ్వకండి, ఇస్తే వాళ్ళ అమ్మానాన్నల చేతికే.

పిల్లలంటే నాటిక గుర్తొస్తుంది. నాటికకు వచ్చేవాళ్ళల్లో సగం మంది వేషం వేసిన పిల్లల స్నేహితులూ, వాళ్ళ తల్లిదండ్రులూ. వాళ్ళు వినడానికే వచ్చారు, మనం వినిపించలేకపోతాం. గొర్రెల కాపరి దగ్గర మైకు ఉంటుంది, దూత దగ్గర ఉండదు. మరియ మైకు వైపు తిరిగేసరికి మాట మరిచిపోతుంది. దీనికి తేలిక మార్గం ఉంది. తెర వెనక ఇద్దరు పెద్దపిల్లలు రెండు మైకుల్లో కథ మొత్తం చదవాలి, ముందున్న చిన్నపిల్లలు అభినయిస్తే చాలు. పదిహేను నిమిషాలు దాటించకండి. జ్ఞానులను పశువుల పాకలోకి తేవద్దు. మత్తయి రెండో అధ్యాయంలో వాళ్ళు ఇంట్లోకి వెళ్ళారని ఉంది, ముగ్గురని ఎక్కడా లేదు. తెలిసినవాళ్ళు ముందు వరసలోనే కూర్చుని ఉంటారు. ఇంకొకటి, మన పాటల్లో కాపరులను "గొల్లలు" అంటాం. నాటికలో ఆ వేషాలను నవ్వించడానికి వాడుకుంటారు, చిరుగు దుప్పటి, మొరటు యాస. కింద ఆ కులంవాళ్ళే ఉంటారు. లూకా కథలో శుభవార్త మొదట విన్నదీ, వెళ్ళి అందరికీ చెప్పిందీ ఆ కాపరులే. మనం వాళ్ళను వెక్కిరిస్తే కథే తలకిందులవుతుంది.

పండగ రోజు ఆరాధనకు పొరుగువాళ్ళు వస్తే పక్కన ఒకరు కూర్చోవాలి. రొట్టె, ద్రాక్షారసం ఇచ్చేటప్పుడు వాళ్ళకు గందరగోళం. ప్రసాదం అనుకుని చెయ్యి చాపుతారు, పెద్దలు వెనక్కి లాక్కుంటారు, అందరి ముందూ చిన్నబోతారు. ఆ క్షణం రాకముందే "ఇది బాప్తిస్మం తీసుకున్నవాళ్ళ కోసమండీ, మనం ఇక్కడే కూర్చుందాం" అని, తానూ లేవకుండా పక్కనే ఉండిపోయేవాళ్ళు కావాలి. మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. అప్పటి నుంచీ క్రిస్మస్ నాడు అక్కడికి అన్ని మతాలవాళ్ళూ వస్తూనే ఉన్నారు. వాళ్ళను ఎవరూ మైకులో పిలవలేదు. అద్దాల కిటికీలో క్రీస్తు జననం చూపించి "ఇది ఏమిటి?" అని పిల్లాడు అడిగితే, పక్కనున్న ఎవరో ఒకరు చెబుతారు. ఆ పక్కనున్నవాళ్ళు మీరై ఉండాలి.

ఇక దుప్పట్లు, చీరలు పంచడం. ఇది ఎక్కువ చెడిపోయే చోటు కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. 1876 నుంచి 78 దాకా పెద్ద కరువు. ఒంగోలులో క్లౌ దొర అనే అమెరికన్ మిషనరీ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించాడు. జనం బాప్తిస్మం ఇమ్మని అడుగుతూనే ఉన్నారు. కరువు సాయం నడిచినంత కాలం ఆయన ఇవ్వలేదు. కూటికోసం వచ్చారో క్రీస్తు కోసం వచ్చారో వాళ్ళకే తేలాలని ఆపాడు. సాయం ఆగిపోయాక కూడా జనం ఆగలేదు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మలో బాప్తిస్మం ఇచ్చారు. అంత ఆకలి కాలంలో ఆయన ఈ రెండింటినీ వేరుగా ఉంచగలిగితే, మనం ఇరవై దుప్పట్ల దగ్గర ఉంచలేమా? పంచే రోజు ప్రసంగం పెట్టకండి, వాక్యం చెప్పే రోజు పంచకండి. తీసుకుంటున్న ముసలామె ఫొటో వాట్సాప్‌లో పెట్టకండి.

ఆ ఉద్యమం మొదలైన తీరు కూడా మనకు పనికొస్తుంది. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి. 1866లో బాప్తిస్మం తీసుకుని ఊరికి వెళ్ళి తన చుట్టాలకూ, బేరం మీద వెళ్ళిన ఊళ్ళలో తెలిసినవాళ్ళకూ చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ ఆ ఊరు వెళ్ళేసరికి 28 మంది సిద్ధంగా ఉన్నారు. పేరయ్యకు మైకు లేదు, కరపత్రం లేదు. ఉన్నవి చుట్టరికం, తోళ్ళ బేరం. మీరూ వీధి మొత్తం రాసుకోకండి. మీకు పేరుతో తెలిసిన ఐదు ఇళ్ళు రాసుకోండి: పాలబ్బాయి, పిల్లల బడి టీచరు, ఆఫీసులో పక్క కుర్చీ. ఆ ఐదు ఇళ్ళకే పళ్ళెం పంపండి. శాకాహారులైతే గుడ్డు లేని కేకో, పళ్ళో.

కుర్రవాళ్ళు ఎవరైనా దగ్గరికొచ్చి ఇంకా తెలుసుకోవాలంటే లూకా సువార్త ఒక్కటే ఇవ్వండి, వాడుక భాషలో ఉన్నది. 24 అధ్యాయాలు, డిసెంబరు ఒకటి నుంచి రోజుకొకటి చదివితే 24వ తేదీకి పూర్తవుతుంది. మధ్యలో మొదలుపెట్టినా ఫరవాలేదు. దళిత కుటుంబం నుంచి వచ్చినవాళ్ళు కుల సర్టిఫికెట్ గురించి అడిగితే దాచకుండా చెప్పండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైనవాళ్ళకు ఎస్సీ హోదా ఉండదు, మన రెండు రాష్ట్రాల్లో వాళ్ళు బీసీ-సీ కిందికి వస్తారు. అది చదువులనూ ఉద్యోగాలనూ తాకే విషయం. తెలిసి తేల్చుకోవాలి, ఇంట్లో మాట్లాడుకుని తేల్చుకోవాలి. క్రిస్మస్ వేడిలో తేదీ పెట్టొద్దు.

చివరగా జనవరి. మన ఇళ్ళల్లో ఎవరూ పళ్ళెం ఖాళీగా తిరిగి పంపరు. మీరు కేకు పెట్టి పంపిన పళ్ళెం మూడు వారాల తర్వాత సంక్రాంతికి అరిసెలతో తిరిగొస్తుంది. దేవుడికి నైవేద్యం పెట్టినవి తినకూడదని మనలో చాలామంది పట్టింపు. పౌలు కొరింథీయులకు రాసినప్పటి నుంచీ ఉన్న ప్రశ్న అది, మీ మనస్సాక్షి ప్రకారం చెయ్యండి. అయితే గుమ్మంలో పళ్ళెం వెనక్కి నెట్టకండి. ముందే, క్రిస్మస్ నాడే నెమ్మదిగా చెప్పి ఉంచొచ్చు: "పిన్నిగారూ, పూజలో పెట్టకముందు తీసినవైతే మా పిల్లలు ఇష్టంగా తింటారు." చాలామంది పట్టించుకుని విడిగా తీసి ఉంచుతారు. పళ్ళెం తెచ్చినావిడను లోపలికి పిలవండి, కూర్చోబెట్టండి, కాఫీ పెట్టండి. ఈసారి పాలు పొంగే తొందర మీ పొయ్యి మీద, ఆవిడకు తీరిక ఉంది. డిసెంబరులో ఆపేసిన మాట అడిగేది అప్పుడే.

సరే, ఇప్పుడు ఇద్దరిద్దరుగా కూర్చోండి. ఒకరు పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డట్టు, ఒకరు అడిగినట్టు. అర నిమిషం. గడియారం నా దగ్గర ఉంది.